పాత కంప్యూటరుకు కొత్త మేస్త్రీ

మేముండే వనస్థలిపురం విజయవాడ రోడ్డును ఆనుకొని వున్నది. చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్ వైపు నుండి పట్నం వచ్చే సంఘస్థులు పనామా దగ్గర బస్సు దిగితే మా ఇల్లు నాలుగడుగులే. అందుచేత పెండ్లి మాటలు, ఆసుపత్రి చీటీలు, కాలేజీ సీట్లు, అన్నీ ముందు మా వరండాలోకి వస్తాయి. కొంతకాలంగా వాటితోపాటు కంప్యూటర్లు కూడా వస్తున్నాయి.

2025లో క్రిస్మస్ పనులు మొదలైన రోజుల్లో చౌటుప్పల్ దగ్గరి పల్లె నుండి ఒక సహోదరుడు, డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చారు. సీపీయూ డబ్బాను దుప్పటిలో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చారు. కూర్చోకముందే విషయం చెప్పారు.

“అయ్యగారూ, షాపాయన దీనికి పదకొండు ఎక్కదన్నడు. పాత ఇనుప సామాన్లోళ్లకు ఏసెయ్యమన్నడు. కొత్తదానికి నలభై వేలయితదంట. చూడి బర్రె ఉన్నది గద, దాన్ని అమ్ముదామనుకుంటున్న. మీరేమంటరు?”

ఆ అమ్మాయి తల వంచుకొని కూర్చున్నది. బర్రె పాలతోనే ఆమె బస్సు పాసు, పరీక్ష ఫీజు నడుస్తున్నాయని మాకు తెలుసు. మేము కంప్యూటరు ఇంజనీర్లము కాము. 2001లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో విండోస్ 98 మీద మూడు నెలలు నేర్చుకున్నదే మా చదువు. ఆ తరువాతదంతా చేయి కాల్చుకొని నేర్చుకున్నది. అయినా బర్రెను అమ్మే ముందు డబ్బా విప్పి చూద్దామని చెప్పాము.

మన పాఠకులలో అనేకుల ఇండ్లలో ఇదే చిక్కు వున్నది గనుక కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

ఇల్లు కట్టే చోట కూలీలు, ఇసుక, ఇటుకలు, సిమెంటు అన్నీ వున్నా మేస్త్రీ లేకపోతే గోడ లేవదు. ఎవరు ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పేవాడు అతడే. కంప్యూటరులో ప్రాసెసరు, మెమరీ, డిస్కు, కీబోర్డు, ప్రింటరు కూలీలనుకుంటే, వాటిచేత పని చేయించే మేస్త్రీయే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ ఒక మేస్త్రీ, లినక్స్ మరొక మేస్త్రీ. కూలీలు ఆరోగ్యంగా వుండి మేస్త్రీ మాత్రమే తప్పుకుంటే, ఇల్లు పడగొట్టనక్కరలేదు, మేస్త్రీని మార్చుకోవచ్చును. ఆ సహోదరునికి షాపులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

జరిగిందేమిటంటే, 2015లో విడుదలైన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో మామూలు రక్షణ అప్‌డేట్లు ఆపివేసింది. ఆ రోజు తరువాత కంప్యూటర్లేమీ ఆగిపోలేదు. ఎప్పటిలాగే తెరుచుకుంటాయి, పాటలు పాడుతాయి. కాని ఇంటికి కాపలా మానివేసినట్లే. కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతు రాదు. “మా ఇంట్లో దొంగలెత్తుకుపోయేదేముంది” అని కొందరంటారు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు సైతం కొన్ని దాని వాత పడ్డాయి. దాన్ని ఆపే అప్‌డేటు అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివారే చిక్కుకున్నారు. నేడు పల్లెల్లో బ్యాంకు లావాదేవీలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, భూమి పత్రాల స్కాన్లు ఈ డబ్బాలలోనే వుంటున్నాయి గనుక ‘ఏముంది’ అనే మాట ఇక చెల్లదు.

విండోస్ 10 వాడేవారికి మైక్రోసాఫ్ట్ ఒక చిన్న గడువు ఇచ్చింది. తమ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేసుకున్నవారికి రుసుము లేకుండానే 2026 అక్టోబరు 13 వరకు రక్షణ అప్‌డేట్లు పంపుతామన్నది. తోవ వెతుక్కోవడానికి అది ఊపిరి పీల్చుకునే సమయం మాత్రమే.

ఇక విండోస్ 11 సంగతి. అది 2021 అక్టోబరు 5న వచ్చింది. దానికి 4 జీబీ మెమరీ, 64 జీబీ డిస్కు చాలునని వ్రాసి వుంటుంది. 4 జీబీతో అది ఎద్దులు అలసిపోయిన బండిలాగా నడుస్తుంది, 8 అయినా వుండాలని మా అనుభవం. అసలు అడ్డంకి వేరే వున్నది. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి, ప్రాసెసరు ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదవ తరముదై వుండాలి. అంటే 2017 చివరి నుండి వచ్చినవి. మీ కంప్యూటరు తగునో తగదో తెలుసుకోవడానికి మైక్రోసాఫ్ట్ వారిదే ‘పీసీ హెల్త్ చెక్’ అనే ఉచిత ప్రోగ్రాము వున్నది. దానిని నడిపితే అవుననో కాదనో చెబుతుంది. అవునంటే, మీ విండోస్ 10 అసలైనదైతే, 11కు మారడానికి పైసా అక్కరలేదు. మారండి. ఈ వ్యాసంలో మిగిలినది ‘కాదు’ అన్న జవాబు వచ్చిన వారికోసం.

ఆ సహోదరుని డబ్బా విప్పి చూశాము. ఏదో ఆఫీసులో వాడి అమ్మివేసినది. ఆరవ తరం ఇంటెల్ ప్రాసెసరు, 4 జీబీ మెమరీ, 500 జీబీ హార్డ్ డిస్కు. లోపల దుమ్ము బెత్తెడు. ప్రాసెసరు మాత్రం నిక్షేపంగా వున్నది. 11కు అది చాలదన్న షాపాయన మాట నిజమే. ఇనుప సామాన్లకు వేయమన్నదే తప్పు.

ఇలాంటి వాటికి అడ్డదారిన 11ను ఎక్కించే షాపులూ వున్నాయి. టీపీఎం తనిఖీని దాటవేసేటట్లు పెన్‌డ్రైవ్ తయారు చేస్తారు, ఎక్కుతుంది కూడా. అయితే అలా ఎక్కించిన వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. కాపలా కోసమే గదా మారుతున్నది, కాపలా హామీ లేని దానికి మారడమెందుకు?

మరొక అడ్డదారి దొంగ కాపీ. దీనిని గురించి వ్రాయడానికి మాకు సిగ్గుగానే వున్నది. చాలా ఏండ్ల క్రితం మేము కొన్న కంప్యూటరులో షాపు కుర్రవాడు “విండోస్ ఫ్రీగా వేశాం సార్” అన్నాడు. మేమూ సంతోషించాము, అడగలేదు. ఒక ఆదివారం ఆరాధనలో కీర్తన గోడ మీద ప్రొజెక్టరుతో చూపిస్తుండగా తెర నల్లబడి, మూలన ‘ఈ విండోస్ కాపీ అసలైనది కాదు’ అని ఇంగ్లీషులో అక్షరాలు వచ్చాయి. అంతకు గంట ముందు సండే స్కూలు పిల్లలచేత పది ఆజ్ఞలు వల్లె వేయించినవారము మేమే. పెద్దలు చూడనట్లు తలలు తిప్పుకున్నారు. ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు మాత్రం ఆ అక్షరాలను గట్టిగా చదివి వినిపించాడు.

అది సిగ్గుతో పోయే విషయం కూడా కాదు. తెలిసి దొంగ సాఫ్ట్‌వేరు వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షను ప్రకారం 7 రోజుల నుండి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా వున్నాయి. పైగా ఆ కాపీలను తెరిచే ‘క్రాక్’ ప్రోగ్రాముల వెంటే అనేకసార్లు వైరస్‌లు దిగుతాయి.

కాబట్టి మిగిలినది లినక్స్. 1991లో ఫిన్లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏండ్ల విద్యార్థి మొదలుపెట్టిన పని ఇది. నేడు మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటిలో అడుగున వున్నది దాని కెర్నలే. అంటే లినక్స్ తెలియదు అనేవారు కూడా రోజూ దాని మీదనే వాట్సాప్ చూస్తున్నారు. దీనిని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చును, పదిమందికి కాపీ చేసి ఇవ్వవచ్చును. ఆ హక్కు లైసెన్సులోనే వ్రాసి వున్నది. ఇందులో డెబియన్, ఉబుంటు, మింట్ అని ఎన్నో రకాలున్నాయి. ఉబుంటు వారు 2011 వరకు ఎవరు అడిగినా సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు. మాకూ ఒకటి వచ్చింది. స్టాంపులు చూసి పోస్టుమాన్ విదేశీ సంబంధమేదో కుదిరిందనుకున్నాడు.

మన హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ యువకులు డెబియన్‌ను తీసుకొని మెనూలు, సందేశాలు తెలుగులో కనిపించేటట్లు చేశారు. సీడాక్ వారు 2007లో బాస్ అనే పేరుతో భారతీయ భాషలకు అనువైన లినక్స్ విడుదల చేశారు. కేరళలోనైతే సర్కారు బడుల కంప్యూటర్లు ఎన్నో ఏండ్లుగా లినక్స్ మీదనే నడుస్తున్నాయి. అక్కడి పదో తరగతి పిల్లలు దీనిమీదనే పాఠాలు, పరీక్షలు చేస్తుంటే మన పిల్లలకు కష్టమవుతుందనుకోవడం సరి కాదు.

అయితే లినక్స్ అందరికీ తగునని చెప్పము. మేస్త్రీని పెట్టుకునే ముందు ఏ పని చేయించాలో చూసుకోవాలి గదా. ఆ తండ్రినీ కుమార్తెనూ విడివిడిగా అడిగాము. అమ్మాయి పని సులభంగా తేలింది. పైథాన్, సి ప్రోగ్రాములు వ్రాయడం, వీడియో పాఠాలు చూడడం, రికార్డు టైపు చేయడం, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం. వీటన్నిటికీ లినక్స్ నిండుగా సరిపోతుంది. ప్రోగ్రాములు నేర్చుకునేవారికి విండోస్ కంటే నయమని కూడా చెప్పవచ్చును. వర్డ్, ఎక్సెల్‌లకు బదులు లిబ్రేఆఫీస్ వస్తుంది. పాత వర్డ్ ఫైళ్లు అందులో తెరుచుకుంటాయి గాని, పట్టికలు కొన్నిసార్లు గీత తప్పుతాయి.

తండ్రి పని దగ్గర చిక్కు వచ్చింది. తమ సంఘం పాటల పుస్తకం ఆయనే కొట్టారు. ఊళ్లో పెండ్లి పత్రికలు, జ్ఞాపకార్థ కూటాల కార్డులు కూడా కొట్టి నాలుగు డబ్బులు చూసుకుంటారు. అంతా పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లతో. (ఆ పేజ్‌మేకర్ ఎక్కడిదని మేము అడగలేదు. అడగవలసింది.)

తెలుగు చర్చి గుమాస్తాలు, ప్రెస్సులవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. అనూ వంటి పాత ఫాంట్లలో మనకు ‘క’ కనబడుతున్నా, ఫైలు లోపల దాగి వున్నది ఏదో ఇంగ్లీషు అక్షరం సంకేతమే. ఫాంటు తీసివేస్తే పాట కాస్తా పిచ్చి గుర్తులవుతుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత స్థానాలున్నాయి గనుక గౌతమి ఫాంటు అయినా, పోతన అయినా, ఫోను అయినా, లినక్స్ అయినా ‘క’ కాగానే వుంటుంది. అనూ టైపింగు ప్రోగ్రాము, పేజ్‌మేకర్ విండోస్‌కు చేసినవి. లినక్స్‌లో నేరుగా నడవవు. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చింది కూడా 2001లో. అంటే విండోస్ వున్నా సరే, ఏనాటికైనా ఆ పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చుకోక తప్పదు. మార్చే ప్రోగ్రాములున్నాయి గాని ఒత్తుల దగ్గర పొరబడతాయి, కూర్చొని దిద్దుకోవాలి. దుకాణంలో ట్యాలీ మీద లెక్కలు వ్రాసేవారికి కూడా ఇదే మాట: అది విండోస్ కోసం చేసినది.

కావున ఇద్దరికీ ఇద్దరు మేస్త్రీలను పెట్టాలని నిర్ణయించాము. ఒకే డబ్బాలో రెండు డిస్కులు. పాత హార్డ్ డిస్కు మీద విండోస్ 10 అలాగే వుంటుంది, ఇంటర్నెట్ కలపకుండా, పత్రికల పనికి మాత్రమే. కొత్తగా ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ డిస్కు వేసి దానిమీద లినక్స్ మింట్, అందులోనూ తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. దానికి 2 జీబీ మెమరీ వున్నా నడుస్తుంది, 4 వుంటే హాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి ఎస్‌ఎస్‌డీ, మరో 4 జీబీ మెమరీ కార్డు తెచ్చాము. రెండింటికీ అయినది బర్రె ఖరీదులో పదో వంతు కూడా కాదు. పాత కంప్యూటరుకు ఏదైనా ఒక్కటే చేయగలిగితే హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఏ మేస్త్రీ వున్నా పని చురుకవుతుంది.

ఎక్కించే ముందు ఆ అమ్మాయికి మా కథ చెప్పాము. 2012లో ఒక రాత్రి, అందరూ నిద్రపోయాక, మేము మొదటిసారి లినక్స్ ఎక్కించబోయాము. డిస్కు మొత్తం తుడిచివేయనా అని అది అడిగింది. నిద్రమత్తులో అవునన్నాము. తెల్లవారేసరికి లినక్స్ అందంగా వచ్చింది. ఏడు సంవత్సరాల ప్రసంగాల నోట్సు, సంఘ రిజిస్టరు నకలు, మా నాన్నగారి ఆఖరి పుట్టినరోజు ఫోటోలు పోయాయి. రిజిస్టరు పుస్తకం చూసి మళ్లీ టైపు చేసుకున్నాము. ప్రసంగాలు పోతే పోయాయి, మళ్లీ సిద్ధపడవచ్చును. డేటా తిరిగి తీసే ఒక షాపువారు డబ్బు తీసుకొని, సగం సగం చెదిరిన కొన్ని బొమ్మలు ఇచ్చారు. ఒకదానిలో కేకు వున్నది, నాన్నగారు లేరు. మా అమ్మ ఇప్పటికీ ఆ ఫోటోల సంగతి అడుగుతుంది.

అందుకే ఏ సిస్టమ్ ఎక్కించినా మొదటి పని కాపీ తీయడం. ఫోటోలు, సర్టిఫికెట్లు, పాటలు, అన్నీ వేరే డిస్కులోకి. కాపీ చేసి ఊరుకోకుండా వేరే కంప్యూటరులో తెరిచి చూడాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ అనే తాళం మనకు తెలియకుండానే వేసి వుంటుంది. దానికి 48 అంకెల రికవరీ నంబరు వున్నది, అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. ముందుగా కాగితం మీద వ్రాసుకోండి. లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు.

తరువాత లినక్స్ మింట్ ఫైలు దించుకున్నాము. అది 3 జీబీకి దగ్గరగా వుంటుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు మీద నడిచే పల్లె ఫోనుకు అది రెండు రోజుల మేత. ఇంటర్నెట్ బాగా వున్నవారి దగ్గర కాపీ తెచ్చుకోవడం మేలు. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద రూఫస్ అనే ప్రోగ్రాముతో దానిని వ్రాయించాము. ఉత్తగా కాపీ చేస్తే సరిపోదు, అది బూట్ అయ్యేటట్లు వ్రాయాలి. ఆ పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ పోతాయి, జ్ఞాపకం వుంచుకోండి.

కంప్యూటరు ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కితే ఎక్కడి నుండి మొదలుపెట్టాలో అడుగుతుంది. కొన్నిటికి ఎఫ్9, ఎస్కేప్ మీటలుంటాయి. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే డిస్కును ముట్టకుండానే లినక్స్ తెర మీదికి వస్తుంది. పెండ్లిచూపుల వంటిది ఇది, నచ్చకపోతే ఆపివేసి వెళ్లిపోవచ్చును. ఇక్కడే గంటసేపు కూర్చొని వైఫై అందుతున్నదా, శబ్దం వస్తున్నదా, కెమెరా పని చేస్తున్నదా చూడండి. ఇక్కడ పని చేయనిది ఎక్కించిన తరువాత దానంతటదే పని చేస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

అంతా సరిపోయాక, కంప్యూటరు ఆపి, పాత హార్డ్ డిస్కు తీగను ఊడదీసి పక్కన పెట్టాము. అమ్మాయి ఎందుకని అడిగింది. “తీగ లేని డిస్కును ఎంత నిద్రమత్తులోనూ తుడవలేమమ్మా” అన్నాము. 2012లో ఈ బుద్ధి వుంటే బాగుండేది. ఒక్క డిస్కే వున్నవారు మాత్రం ఎక్కించేటప్పుడు ‘మొత్తం తుడిచివేయి’, ‘విండోస్ పక్కన పెట్టు’ అనే రెండు వాక్యాలను రెండుసార్లు చదివి నొక్కాలి. కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా మొదలుపెట్టవద్దు.

ఎక్కించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మా శ్రీమతి టీ పెట్టి తెచ్చేలోపల అమ్మాయి తన పేరు, పాస్‌వర్డు తానే ఇచ్చుకొన్నది. హార్డ్ డిస్కు తీగ మళ్లీ తగిలించాము. ఎఫ్12 నొక్కితే తండ్రి విండోస్, మామూలుగా తెరిస్తే కుమార్తె లినక్స్. తెలుగు టైపుకు ఐబస్ అనేది పెడితే ఇన్‌స్క్రిప్ట్, యాపిల్ కీబోర్డులు రెండూ వచ్చాయి. ఆర్‌టీఎస్ పెట్టుకుంటే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టినా తెలుగు పడుతుంది. యాపిల్ కీబోర్డు చూడగానే ఆ సహోదరుని వేళ్లు కదిలాయి. అనూలో ఆయన కొట్టేది ఆ కీబోర్డే. లిబ్రేఆఫీస్‌లో యూనికోడ్‌లో ఒక చరణం కొట్టి, దానిని వాట్సాప్‌లో తమ సంఘం గ్రూపుకు పంపి, పల్లెలో వున్నవారి ఫోనుల్లో అదే తెలుగు కనబడిందని తెలిసినప్పుడు ఆయన నవ్విన నవ్వు మాకు జ్ఞాపకమున్నది. పాటల పుస్తకం మెల్లగా యూనికోడ్‌లోకి మారుస్తానన్నారు. నెలకు పది పాటల చొప్పున, కుమార్తె దిద్దిపెట్టేటట్లు ఒప్పందం.

అన్నీ సవ్యంగా జరగలేదు. వారి ఇంట్లోని పాత లేజర్ ప్రింటరు లినక్స్‌లో ఇప్పటికీ పలకడం లేదు. హెచ్‌పీ ప్రింటర్లలో అనేకం సులభంగా కలుస్తాయి గాని, కొన్ని పాతవాటికి తయారీదారులు సరైన డ్రైవరు ఇవ్వలేదు. ప్రింటు కావలసినప్పుడు పీడీఎఫ్ చేసి విండోస్ వైపు నుండి కొట్టుకుంటున్నారు. కొత్త ప్రింటరు కొనేవారు లినక్స్‌లో నడుస్తుందా అని ముందే అడిగి కొనండి.

మొన్న ఆ సహోదరుడు మళ్లీ వచ్చారు. బర్రె ఈనింది, పెయ్యదూడ. జున్నుపాలు క్యానులో తెచ్చారు. రెండో చేతిలో మళ్లీ దుప్పటి మూట వున్నది. అది ప్రింటరు. మా వరండా బల్ల మీద పెట్టి, “ఒకసారి చూడుండ్రి అయ్యగారూ, మెల్లగనే” అని బస్సుకు వెళ్లారు. జున్ను అయిపోయింది. ప్రింటరు ఇంకా బల్ల మీదనే వున్నది.